రాజావారి మరణం, నా అద్దె మీసం

ఆ రోజుల్లో మనిషి పోవడం ఇప్పటంత తేలికగా ఉండేది కాదండీ. ఇప్పుడైతే పొద్దున్నే ఫోను తెరిస్తే ఒక ఫొటో, దాని కింద దీపం, ఆ కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. మనం ఇడ్లీ తినేలోపు ఫలానా ఆయన పోయినట్టు జిల్లా అంతా ఒప్పేసుకుంటుంది. ఆ రోజుల్లో చావు కబురు సైకిలు మీద వచ్చేది, లేకపోతే బస్సు డ్రైవరు నోట వచ్చేది. దారిలో ఆగిన ప్రతి కాఫీ హోటల్లోనూ దానికి ఒక చెయ్యో కాలో మొలిచేది. మామూలు మనిషి పోతేనే "నిజమేనంటారా? మొన్న సంతలో వంకాయలు ఏరుతుంటే చూశానే" అనేవారు. ఇక పోయినవాడు రాజైతే చెప్పాలా? ఆయన పోవడానికి జనం అనుమతి కావాలి. మా రాజావారికి ఆ అనుమతి సగం జిల్లా ఇచ్చింది, సగం జిల్లా ఇవ్వలేదు. ఆ రెండు సగాల మధ్య సరిగ్గా నా ముక్కు కింద ఉన్న జాగాలో పెద్ద యుద్ధం జరిగింది. ఆ కథే ఇది.

కామవరపుకోట దాటి ఇంకా మెట్టలోకి వెళ్తే ఒక దివాణం ఉండేది. పేరు చెప్పను. చెబితే ఆయన మనవలు నా మీదికి వస్తారు (రారు లెండి, వాళ్ళకి తెలుగు చదవడం రాదని విన్నాను). ఆ దివాణంలో నూరు ఏనుగులు, వెయ్యి గుర్రాలు... ఆగండి, ఇదే నా జబ్బు. నూరు ఏనుగులు లేవు. ఒక్క ఏనుగు ఉండేదట, అది మా తాతయ్య చిన్నతనంలోనే పోయింది. నాకు ఊహ తెలిసేసరికి ఉన్నది ఒక పాత కారు, దాన్ని తోయడానికి నలుగురు మనుషులు. రాజ్యం ప్రభుత్వంలో కలిసిపోయి చాలా ఏళ్ళయింది. అయినా ఆయన కారు ఏలూరు వస్తే (తోసుకునో, తోయకుండానో) అంగళ్ళలో కూర్చున్న పెద్దవాళ్ళు లేచి నిలబడేవారు. ఆయన మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. తెల్లటి పంచె, పైన ఖాకీ వేటకోటు, దానికి ఇత్తడి బొత్తాలు. శీతాకాలం వస్తే కొల్లేటికి బాతుల వేటకి వెళ్ళేవారు. అది తప్పన్న ఆలోచన అప్పట్లో ఎవరికీ లేదు, బాతులకి తప్ప.

అలా వెళ్ళిన ఒక తెల్లవారుజామున, మంచులో, ఆయన ఒక్కరే గెడ వేసుకుంటూ వెళ్ళిన దోనె తిరగబడింది. దోనె దొరికింది, తుపాకీ దొరకలేదు. కొన్నాళ్ళకి, నీళ్ళలో నిలువెత్తు పెరిగే కిక్కిసగడ్డిలో ఒక శరీరం దొరికింది. ముఖం చూసి చెప్పే స్థితిలో లేదు. ఇత్తడి బొత్తాల కోటు చూసి ఆయనేనన్నారు. దివాణానికి తీసుకెళ్ళకుండా అక్కడే కొల్లేటి గట్టు మీద దహనం చేసేశారు. అంతే, అక్కడే మొదలైంది గొడవ. "కోటు ఆయనదే, ఒప్పుకుంటాం. లోపలి మనిషి ఆయనేనని ఎవరు చూశారు?" అని ఏలూరులో ఒకాయన అన్నారు. "రాజావారు కృష్ణా నదిని ఈదిన మనిషి, మొలలోతు కొల్లేట్లో పోతారా?" అని ఇంకొకాయన. ఆ తర్వాత రాజావారు కనపడడం మొదలుపెట్టారు. ద్వారకా తిరుమలలో గుండు చేయించుకుని కొండ దిగుతుండగా కనపడ్డారు. ఒక లంక గ్రామంలో తలపాగా చుట్టుకుని చేపలు తూస్తుండగా కనపడ్డారు. ఏలూరు బస్టాండులో మిరపకాయ బజ్జీ తింటూ కనపడ్డారు, చూసినాయన ప్రమాణం చేసి మరీ చెప్పారు. బతికుండగా ఏడాదికి ఒకటి రెండు సార్లు కనపడే మనిషి పోయాక రోజూ కనపడ్డారండీ.

ఇప్పుడు మీసాల సంగతి. దివాణం ఊళ్ళలో పాత ఆచారం ఒకటి ఉండేది. రాజు పోతే, కన్నతండ్రి పోయినట్టే లెక్క, మగవాళ్ళు మీసం తీయించుకోవాలి. ఆ కబురు విన్నాక ఏలూరు నుంచి కామవరపుకోట దాకా ఒక్క మీసం మిగల్లేదు... సరే సరే, అంత లేదు. దివాణం ఊళ్ళలో పెద్దవాళ్ళు తీయించారు, ఏలూరులో దివాణంతో సంబంధం ఉన్న కొన్ని ఇళ్ళవాళ్ళు తీయించారు. కానీ పోలేదని నమ్మినవాళ్ళు ఉన్నారు చూశారూ, వాళ్ళు పంతానికి మీసం ఉంచుకోవడమే కాదు, పెంచారు. మీసం లేని మూతి ఎదురైతే, బతికున్న మనిషికి దినం పెట్టినంత కోపం వాళ్ళకి. మీసమున్న మూతి ఎదురైతే వీళ్ళకి, పోయిన మనిషికి మర్యాద చేయలేదని కోపం. ఏలూరులో మేముండే పవర్‌పేట సెలూన్లో కుర్చీలో కూర్చుంటే దువ్వెన పట్టుకుని మొదటి ప్రశ్న ఇదే: "ఉన్నట్టా, పోయినట్టా అండీ?"

మా తాతయ్య దివాణంలో గుమాస్తాగా చేసి మానేసిన మనిషి. కబురు వచ్చిన రోజునే తీయించుకున్నారు. మా నాన్నగారు బళ్ళో మాస్టారు, ఆయన ఒక పూట ఆలోచించి తీయించారు. మిగిలింది నేను. నాకు ఇరవై దాటాయి, ఒక రైసు మిల్లులో కొత్తగా ఉద్యోగం, అంతకంటే కొత్తగా మీసం. దాని కోసం నేను పడిన పాట్లు మీకు తెలియవు. ఆముదం రాశాను, ఉల్లిరసం రాశాను, లేని వెంట్రుకలకి రోజూ బ్లేడు పెట్టి బతిమాలాను.

"తాతయ్యా, ఆయన ఇప్పుడు రాజు కాదు కదండీ. ప్రభుత్వం ఎప్పుడో తీసేసింది కదా" అన్నాను.

"ప్రభుత్వం రాజ్యం తీసుకుంది. మనిషిని తీసుకోలేదుగా" అన్నారాయన, పేపరు మీంచి కళ్ళెత్తకుండా.

"అసలు పోయారని నమ్మకం ఏంటండీ? బస్టాండులో బజ్జీ తింటూ కనపడ్డారట."

"రాజావారు మిరపకాయ తినరు, కడుపు మంట. ఒరేయ్, ఆయన ఉంటే మనకి పోయిందేంటి? నాలుగు వెంట్రుకలు. మళ్ళీ వస్తాయి. ఆయన నిజంగా పోయి, మనం మీసాలు దువ్వుకుంటూ తిరిగామనుకో, అది మళ్ళీ సరిదిద్దుకునే పని కాదు. వెళ్ళు."

వెళ్ళాను. సెలూనతను అడిగాడు, "పోయినట్టే" అన్నాను. ఆ చెప్పడంలో నా గొంతు వణికితే అతను కూడా కళ్ళు తుడుచుకున్నాడు. (తుడుచుకోలేదు. కంట్లో సబ్బు నురగ పడింది.)

ఇక్కడితో అయిపోతే కథే లేదు. సరిగ్గా ఆ వారంలోనే నాకు పెళ్ళిచూపులు. రాజావారు పోకముందే కుదిరిన ముహూర్తం, తాడేపల్లిగూడెంలో బెల్లం, ఉల్లిపాయల టోకు వ్యాపారం చేసే షావుకారుగారి అమ్మాయి. ఆ అమ్మాయిని నేను అంతకుముందే చూశాను. మిల్లు పని మీద గూడెం వెళ్ళినప్పుడు షావుకారుగారు భోజనానికి వెళ్తే కొట్లో ఆ అమ్మాయి కూర్చుని ఉంది. నన్ను చూడగానే గుండె జారి, కళ్ళు వాలిపోయి, చేతిలో బెల్లం దిమ్మ కింద పడి... లేదండీ. "ఏవండీ, మూతి మీద మసి అంటుకుంది, తుడుచుకోండి" అంది. అది నా మీసం. కానీ ఆ మాట అన్నాక అది మసి కాదని తెలిసి పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్విన నవ్వుంది చూశారూ, ఆ నవ్వు కోసం నేను మళ్ళీ మళ్ళీ గోనెసంచుల బేరం అన్న వంకతో గూడెం వెళ్ళాను. మా మిల్లుకి సరిపోయినన్ని గోనెసంచులు ఇప్పటికీ ఉండి ఉంటాయి. నేనే మా అమ్మ చేత, మా చిన్నమావయ్య చేత ఆ సంబంధం అడిగించాను. ఇది కాకపోతే ఇక పెళ్ళే వద్దనుకున్నాను. ఇందులో మాత్రం పెంచింది ఏమీ లేదు.

ఆ షావుకారుగారు మీసాల పార్టీ. మామూలు మీసాల పార్టీ కాదు, గూడెంలో దానికి ఆయనే పెద్ద. తరతరాలుగా దివాణానికి సరుకులు పంపిన ఇల్లు, రాజావారు వేటకి వస్తే బసా, దోనే, భోజనాలూ అన్నీ ఆయనే చూసేవారట. రాజావారు పోయారని ఎవరైనా అంటే కొట్లోంచి లేచి వెళ్ళిపోమనేవారట. మీసం లేని ఒక పాత ఖాతాదారుకి సరుకు ఇవ్వకుండా వెనక్కి పంపేశారని మా చిన్నమావయ్య కబురు తెచ్చాడు.

"ఇప్పుడెలా మావయ్యా?" అన్నాను, నున్నటి మూతి తడుముకుంటూ.

మా మావయ్యది భీమవరం పక్క ఊరు, మా దివాణం గోల ఆయనకి పట్టదు, ఆయన మీసం ఆయనకి ఉంది. కాసేపు దాన్ని మెలేసి, "అల్లుడూ, ఇక్కడ మీ తాతగారి ముందు మీసం లేకుండా ఉండాలి. అక్కడ షావుకారుగారి ముందు మీసంతో ఉండాలి. అంతేకదా? మధ్యలో రైలుంది. మీవాళ్ళని ఏదో చెప్పి ఆపుతాను, మనిద్దరమే వెళ్దాం. నాకొదిలెయ్" అన్నాడు.

ఏలూరులో నాటకాలకి సామాన్లు అద్దెకిచ్చే ఒక సాయిబుగారు ఉండేవారు. వాళ్ళ అన్నదమ్ములు తివాచీలు నేస్తారు, ఈయన మాత్రం కిరీటాలు, గదలు, జడలు. మీసాలన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో ఉండేవి. "ఏ వేషం బాబూ?" అన్నారు. "పెళ్ళికొడుకు వేషమండీ" అన్నాడు మావయ్య. సాయిబుగారు నా మూతి వైపు ఒకసారి చూశారు. డబ్బాలోంచి ఒక్కొక్కటీ తీసి నా ముక్కు కింద పెట్టి చూడసాగారు. "ఇది రాక్షసుడిది, మీకు పెద్దదవుతుంది. ఇది పోలీసుది, ఆడపిల్ల భయపడుతుంది. ఇది జమీందారుది..." "వద్దండీ, జమీందారుది అసలు వద్దు" అన్నాను కంగారుగా. చివరికి గుమాస్తా మీసం ఖాయమైంది. చిన్న గమ్ము సీసా కూడా ఇచ్చి, "బాబూ, జాగ్రత్తగా వినండి. ఇది మా సొంత తయారీ. చెమటకి ఊడదు, పాయసానికి ఊడదు. తీయాలనుకుంటే కొబ్బరినూనె రాసి కాసేపాగి మెల్లగా తీయండి. ఊరికే పీకారో, మీసంతో పాటు పెదవి కూడా నాకు అప్పజెప్పాల్సొస్తుంది" అన్నారు.

ప్యాసింజరులో దెందులూరు దాటాక నేనూ మావయ్యా బాత్రూములో దూరాం. ఆయన జేబు అద్దం పట్టుకున్నాడు, నేను గమ్ము రాసుకున్నాను. భీమడోలు దగ్గర రైలు కుదిపింది. ఆ కుదుపులో మీసం ఎక్కడ పడిందో అక్కడే కరుచుకుపోయింది. ఎదుటివాళ్ళకి ఎడమ కొస పైకీ కుడి కొస కిందికీ, అచ్చం పదీ ఇరవై చూపించే గడియారంలా. బయట ఎవరో తలుపు దబదబా బాదుతున్నారు. "ఏం ఫర్వాలేదల్లుడూ, నువ్వు తల కాస్త కుడికి వంచి కూర్చో, సరిగ్గా కనపడుతుంది" అన్నాడు మావయ్య. పూళ్ళ, కైకరం, చేబ్రోలు, అన్ని స్టేషన్లూ నేను తల వంచే చూశాను.

షావుకారుగారి ఇల్లు కొట్టు వెనకే. గుమ్మంలోకి అడుగు పెడితే ఉల్లిపాయల వాసనా బెల్లం వాసనా కలిసి వచ్చి పలకరిస్తాయి. ఆయన ఎదురొచ్చారు. దట్టమైన మీసం, దాని పైన నిద్ర లేని కళ్ళు. నన్ను కాళ్ళ దగ్గర్నుంచి చూడలేదు. ముందు మూతి చూశారు. చూసి, నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఆ పట్టుకోవడం కాబోయే అల్లుణ్ణి పట్టుకున్నట్టు లేదండీ, ఒడ్డు పట్టుకున్నట్టు ఉంది.

"బాబూ, నిన్ను చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మీ తాతగారు దివాణం మనిషి. ఆయన ఇంట్లో పిల్లాడికి మీసం ఉందంటే, ఆయనకి ఏదో కబురు వచ్చే ఉంటుంది. వచ్చిందా బాబూ?"

నేను మావయ్య వైపు చూశాను. మావయ్య గోడ మీద గడియారం చూశాడు.

"కబురంటే... అదండీ..." అన్నాను.

"చెప్పకూడదా? సరే సరే. నాకర్థమైంది" అని ఆయన గొంతు తగ్గించారు. "ఎక్కడున్నారన్నది నాకక్కర్లేదు. ఉన్నారు కదా, చాలు." అని లోపలికి తిరిగి, "ఏమేవ్, ఉప్మాలో జీడిపప్పు ఇంకాస్త వెయ్యి" అని కేకేశారు. నేను ఎప్పుడూ అంత అవమానంగా జీడిపప్పు తినలేదు. ఒక అబద్ధం మూతికి అంటించుకుని వస్తే, ఆయన దాన్ని సాక్ష్యం కింద తీసేసుకున్నారు. పక్క కొట్టాయన్ని పిలిచి, "ఇదిగో, ఏలూరులో ఉండే దివాణం గుమాస్తాగారి మనవడు. చూశారా?" అని నా మూతి చూపించారు కూడా.

అమ్మాయి కాఫీ తెచ్చింది. ఇక్కడ నేను పెళ్ళిళ్ళలో చెప్పే కథ వేరు. కాఫీ ఆవిరికి మీసం ఊడి గ్లాసులో పడి, షావుకారుగారు దాన్ని బొద్దింక అనుకుని కేక పెట్టి, మావయ్య దాన్ని తీసి జేబులో వేసుకోవడం. అందరూ కడుపు పట్టుకుని నవ్వుతారు. కానీ అలా జరగలేదు. సాయిబుగారి గమ్ము కాఫీకి ఊడేది కాదు. జరిగిందేంటంటే, అమ్మాయి గ్లాసు ఇస్తూ నా మీసం వైపు చూసింది, తన తల కూడా కాస్త కుడికి వంచి చూసింది. నవ్వలేదు. తనకోసం గోనెసంచులంత ప్రేమ పోగేసుకున్న నాకు అది చాలు, కాఫీ సగంలోనే కింద పెట్టేశాను.

చేతులు కడుక్కుంటానని పెరట్లోకి వెళ్ళాను. చెంబుతో నీళ్ళు పోయడానికి ఆ అమ్మాయే వచ్చింది. పోస్తూ, నీళ్ళ చప్పుడు చాటున అంది: "మీ తాతగారు తీయించుకున్నారని మాకు తెలుసండీ. ఏలూరు నుంచి వచ్చిన బండివాళ్ళు చెప్పారు, నాన్నగారికి చేరనివ్వలేదు."

నేను కడిగిన చేతులే మళ్ళీ కడిగాను.

"మీరు లేకుండా వస్తారనుకున్నాను" అంది.

"మీసం లేకుండానా? వస్తే మీ నాన్నగారు గుమ్మంలోంచే పంపేస్తారు కదండీ."

"పంపితే పంపనివ్వండి. ఎవరో ఒకరు అలా రావాలి కదా. మా ఇంట్లో పోయారన్న మాట ఎవరం అనం. తెల్లారితే నాన్నగారు నిడమర్రు గట్టు మీదికి వెళ్ళి కొల్లేటి వైపు చూస్తూ నిలబడతారు. వచ్చి, అన్నం ముందు కూర్చుని, లేచిపోతారు. ఇంతవరకూ ఏడవలేదండీ. కోప్పడితేనైనా తర్వాత ఏడుపొస్తుందేమోనని." చెంబులో నీళ్ళు అయిపోయాయి. "ఇప్పుడు మీరేమో రాజావారు ఉన్నారనే చెప్పారు. ఇక ఆయన ఎప్పటికీ ఆ గట్టు మీదే."

"నేను ఉన్నారని చెప్పలేదండీ" అన్నాను.

"మీసం చెప్పింది కదా."

ఆ మాటకి నేను ఛాతీ విరుచుకుని, సింహంలా... సింహం సంగతి తర్వాత. ముందు నేను అడిగింది ఇది: "మీ ఇంట్లో కొబ్బరినూనె ఉందాండీ?"

"తలకా?"

"మూతికి."

"వంటింట్లో ఉంది. నాన్నగారి ముందు నుంచే వెళ్ళాలి" అంది. ఆ రోజు మొదటిసారి ఆ కొంగు నోటి దాకా వెళ్ళబోయి ఆగింది.

తీయకుండా కూర్చుంటే సంబంధం ఖాయం. అది నాకు తెలుసు, తనకీ తెలుసు. తీస్తే గుమ్మం బయట మావయ్యతో సహా రోడ్డు మీద ఉంటాను, ఆ నవ్వు ఇంకెవరో కొనే గోనెసంచుల కోసం మిగిలిపోతుంది. ఆ నడవాలోంచి ముందుగదిలోకి నడిచినంత దూరం నేను జీవితంలో ఇంకెప్పుడూ నడవలేదు.

"షావుకారుగారూ, మా తాతయ్యకి ఏ కబురూ రాలేదండీ" అన్నాను. "ఆయన వినగానే తీయించుకున్నారు. మా నాన్నగారూ తీయించారు. నేను కూడా తీయించుకున్నాను" అని చెప్పి, మీసం పైకి లేచి ఉన్న కొస పట్టుకుని లాగాను.

సాయిబుగారు అబద్ధమాడలేదు. సగమే వచ్చింది. ఆ సగానికే నాకు కళ్ళ ముందు చుక్కలు, కొల్లేటి పక్షులు, అన్నీ కనపడ్డాయి. మిగతా సగం కూడా లాగాను. మావయ్య ఉప్మా స్పూను గాల్లోనే ఆగిపోయింది. షావుకారుగారు నా చేతిలో ఉన్న రెండు మీసం ముక్కలు చూశారు. తర్వాత నా ముఖం చూశారు. నేను తిట్ల కోసం సిద్ధంగా ఉన్నాను. కానీ అప్పటికి నా కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారిపోతున్నాయి. ఆపుదామంటే ఆగవు, మాట్లాడదామంటే పైపెదవి మంట.

"బాబూ..." అన్నారాయన. "రాజావారి కోసం ఏడుస్తున్నావా?"

తల ఊపాను. అవునని ఊపానో కాదని ఊపానో నాకే తెలీదు.

ఆయన నిలబడ్డవారు నిలబడ్డట్టే గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుండిపోయారు. "మంచు ఎక్కువగా ఉంది, రేపు వెళ్తానయ్యా అన్నారు" అన్నారు. ఎవరితో అంటున్నారో తెలీదు. "నేనే అన్నాను. ఎండొస్తే బాతులు లేచిపోతాయండీ, ఇప్పుడే బయల్దేరండి అని. దోనె కట్టు నేనే విప్పాను. నేనే విప్పాను బాబూ." ఆ తర్వాత ఆయన ఏడ్చారు. పెద్ద మనిషి, ఊళ్ళో పరపతి ఉన్న మనిషి, తువ్వాలు నోట్లో కుక్కుకుని చిన్న పిల్లాడిలా ఏడ్చారు. లోపల్నుంచి వాళ్ళావిడ వచ్చి పక్కన కూర్చుంది. ఆ మాట ఆ ఇంట్లో అప్పుడే మొదటిసారి బయటికి వచ్చింది. అమ్మాయి తలుపు పట్టుకుని నిలబడి నాన్నని చూస్తోంది. రాజావారు పోలేదని ఆయన అంత గట్టిగా ఎందుకన్నారో అప్పటికి మా అందరికీ అర్థమైంది.

చాలాసేపటికి ఆయన ముఖం కడుక్కుని వీధి చివర సెలూనతనికి కబురు పెట్టారు. అతను పెట్టె పట్టుకుని పెరట్లో నూతి దగ్గరికి వచ్చాడు. కత్తి నూరుకుంటూ అలవాటు కొద్దీ "ఉన్నట్టా అండీ..." అని మొదలెట్టి, ఆయన కళ్ళు చూసి మధ్యలో ఆపేశాడు.

"పోయారయ్యా. తీసెయ్" అన్నారు షావుకారుగారు.

తర్వాత ఆయన తలస్నానం చేశారు, అమ్మాయి నీళ్ళు తోడింది, నేను చేద తాడు పట్టుకుని నిలబడ్డాను. ఎవరూ నన్ను పట్టుకోమనలేదు, వదలమనీ అనలేదు. సాయంత్రం బండికి బయల్దేరుతుంటే మావయ్యకి ఇంకా ఏమీ అర్థం కాలేదు. "అల్లుడూ, సంబంధం కుదిరినట్టా, పోయినట్టా?" అని చెవిలో అడుగుతున్నాడు. గుమ్మం దగ్గర ఆ అమ్మాయి నాకు కొబ్బరినూనె అద్దిన దూది చేతికిచ్చింది. వాచిన నా పైపెదవి చూసి, ఎవరికీ వినపడకుండా, "మళ్ళీ పెంచుకోండి. ఈసారి మీదే అయితే బాగుంటుంది" అంది.

సాయిబుగారికి మీసం రెండు ముక్కలుగా తిరిగి ఇచ్చాను. ఆయన రెండింటినీ వెలుగులో పెట్టి చూసి, "ఫర్వాలేదు బాబూ, రెండు చిన్న వేషాలకి వస్తుంది" అన్నారు. రాజావారి విషయంలో జిల్లా మాత్రం ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. మొన్నటికి మొన్న మా మేనల్లుడు ఫోనులో ఒక వీడియో పంపాడు, కాశీలో ఎవరో ముసలి బైరాగి, కింద "మన రాజావారేనా?" అని రాసి ఉంది. ఆ లెక్కన ఆయనకి నూరు దాటి చాలా ఏళ్ళయి ఉండాలి. అయినా చూశాను, రెండుసార్లు చూశాను. మా మామగారు మాత్రం ఇక ఎప్పుడూ రాజావారి కోసం ఎదురు చూడలేదు. ఆ గట్టు మీదికి ఏడాదికోసారి వెళ్ళి, దండం పెట్టుకుని, తిన్నగా ఇంటికి వచ్చి భోజనం చేసేవారు. పోయేదాకా నన్ను ఎవరికైనా పరిచయం చేయాలంటే, "మా అల్లుడు. పెళ్ళిచూపులకి వచ్చి రాజావారి కోసం కన్నీళ్ళు పెట్టుకున్న మనిషి" అనేవారు. నేను తల దించుకునేవాణ్ణి. అది వినయమనుకునేవారు.

గమ్ము సంగతి ఆయనకి చెప్పలేదు. మా ఆవిడకి చెప్పాను, పెళ్ళయిన కొత్తలోనే. మొన్న ఇది రాద్దామని కూర్చుని, "నిజం రాసేస్తున్నానే. ఏడుపు కాదు, అంతా గమ్ము మంటేనని" అన్నాను. తను చిక్కుడుకాయలు తుంపుతోంది.

"గమ్ము మంట ఎంతసేపుంటుందండీ?" అంది.

"ఉంటుంది. సాయిబుగారి సొంత తయారీ."

"మా నాన్నగారు స్నానం చేసి వచ్చేదాకా మీరు ఆ తాడు పట్టుకుని ముక్కు ఎగబీలుస్తూనే ఉన్నారు. నేను నీళ్ళు తోడుతూ చూశాను."

"ఉల్లిపాయల కొట్టు కదా మీది, ఘాటు" అన్నాను.

మా ఆవిడ చిక్కుడుకాయ నార తీసి పక్కన పెట్టి, తల కాస్త కుడికి వంచి నన్ను చూసింది. ఒక్క ఏనుగుని నూరు ఏనుగులు చేసి చెప్పేవాణ్ణి, ఈ ఒక్క విషయాన్ని ఇంత తగ్గించి ఎందుకు చెబుతున్నానో నాకూ తెలీదు. ఆ రోజు చేద తాడు పట్టుకున్న కుర్రాడు కాస్త సిగ్గరి అయి ఉంటాడు. గమ్మనే రాశాను. మీరు కూడా గమ్మనే అనుకోండి.